నెమలి గుర్తు బూర

మా ఆయన మొగిలికి కొత్త బూర ఏరడానికి జగిత్యాల పోయే రోజున మా అత్త బుచ్చవ్వ నన్నూ వెంట తరిమింది. చంటిదానికి ఒళ్ళు వెచ్చగా ఉందని నేను గునుస్తుంటే, ఆమె ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ తల కూడా ఎత్తలేదు.

“పిల్లకు ఏం కాదు. నువ్వు నడువు. మొగోడు ఒక్కడు పోతె ఆ దేవదాసు తియ్యటి మాటలకే కరిగిపోతడు. వాని జాగల ఇంకోన్ని నిలబెడితె ఏం తిందాం? నువ్వు చుట్టే బీడీలా?”

జాగా అంటే కోరుట్లలో దేవదాసు మాస్టరు నడిపే జూబ్లీ బ్యాండులో ముందు బూర జాగా. ముందు బూర అంటే ట్రంపెట్ పట్టుకుని అందరికంటే ముందు నడిచేవాడు. పాట ఎత్తుకునేది అతను, ఆపేది అతను. ఏ ఊళ్ళోనైనా మొదటి చెంబు నీళ్ళు అతనికే. నా పెళ్ళికి ముందు నుంచీ ఆ జాగా మా ఆయనది. రెండో బూర నా తమ్ముడు ఓదెలుది. వాడికి మీసం రాకముందే దగ్గర కూర్చోబెట్టుకుని, తప్పు ఊదినప్పుడల్లా చెంప మీద కొట్టి మరీ నేర్పింది మా ఆయనే.

పాత బూర ఎట్లా పోయిందంటే, పొలిమేర కూత వల్ల పోయింది. మా దిక్కు బ్యాండు ఏ ఊరికి పోయినా నేరుగా ఊళ్ళోకి పోదు. పొలిమేరలో ఆగుతుంది. ముందు బూరవాడు ఊరివైపు తిరిగి, పాటా గీటా ఏమీ లేకుండా, ఊపిరి ఉన్నంతసేపు ఒక్క పొడుగు కూత ఊదుతాడు. అది విని శుభకార్యం వాళ్ళు చెంబుతో నీళ్ళు పట్టుకుని ఎదురు వస్తారు. ఆ నీళ్ళు తాగాకే డప్పు మీద దెబ్బ పడుతుంది. చావుకు పోయినా అంతే, నీళ్ళు తెచ్చేవాళ్ళు ఏడుస్తూ వస్తారు.

ఆ వానాకాలం బీర్పూర్ దిక్కు ఒక పల్లెకు అన్నల్లో, అంటే నక్సలైట్లలో, కలిసిన పిల్లవాడి శవం వచ్చింది. వాడి తల్లి ఐలమ్మ కోరుట్ల దాకా వచ్చి మాస్టరు గడపలో కూర్చుంది. “నా పెద్దకొడుకు పెండ్లికి మీరే వాయించిండ్రు. వీనికి పెండ్లి గాలే. సావుకన్న వాయించుండ్రి” అంది. మాస్టరు ఒప్పుకున్నాడు. పోయారు, పొలిమేరలో ఆగారు, మా ఆయన కూత ఊదాడు. శవాన్ని చూడడానికి అన్నలు వస్తారని మక్కచేన్లలో బోర్లా పడుకుని కాచుకున్న క్యాంపు పోలీసులు, ఆ కూత వాళ్ళను రావద్దని చెప్పే సైగ అనుకున్నారు.

క్యాంపుకు పట్టుకుపోయి మిగిలిన బ్యాండు వాళ్ళందరినీ అరికాళ్ళ మీద కొట్టారు. మా ఆయనను కొట్టలేదు. “ఏదీ, మల్లొకసారి ఊదు” అన్నారు. ఆయన బూర నోట్లో పెట్టుకున్నాక ఒకడు గరాటు మీద అరచేత్తో చరిచాడు. మౌత్‌పీసు లోపలికి దిగింది. పై పళ్ళు విరిగి నాలుక మీద పడ్డాయి. పెదవి ముక్కు దాకా చీలింది. తర్వాత ఆ బూరను కింద వేసి బూట్లతో తొక్కారు.

ఇంటికి తెచ్చిన నాడు మా అత్త ఆ తొక్కిన ఇత్తడిని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. బ్యాండు వాళ్ళు పరామర్శకు వచ్చి, “బూర పోయింది, బూర పోయింది” అన్నారు. నోటి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆయన కూడా ఎత్తలేదు. పెదవి కుట్లు విప్పాక, “మంచి బూర దొరికితె సాలు, మాగంల పెండ్లిళ్ళకు తయారుంట” అన్నాడు. రోజూ పొద్దున చేతి వెనకభాగం పెదవులకు అదిమి ఊది చూసుకునేవాడు. పుర్రుమని గాలి వచ్చేది. నేను వినపడనట్టే బీడీ చుట్టుకునేదాన్ని.

డోలు కొట్టే శంకరయ్య ఒకరోజు మా వాకిట్లోనే అన్నాడు, “ఏం మొగిలీ, పండ్లు పోతె గాలికి అడ్డం పోయినట్టేనాయె, ఇంక జోరుగ రావాలె గదా సప్పుడు?” అందరూ నవ్వారు. వాళ్ళ అరికాళ్ళు ఇంకా మానలేదు. ఆ కూత ఊదకుంటే మాకీ దెబ్బలు తప్పేవి గదా అని ఒక్కొక్కరి ముఖంలో ఉంది.

బస్సులో నలుగురం, ఒళ్ళో చంటిది. దేవదాసు మాస్టరు తెల్లచొక్కా వేసుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. బూర కొనేది ఆయనే, ఏరేది మాత్రం ఊదేవాడు. అది వాళ్ళ కాయిదా. మాస్టరైనా సరే, వేరేవాడు ఏరిన బూరను ముందు బూరవాడు ముట్టడు. ఓదెలు ఎందుకు వస్తున్నాడని నేను అడిగాను.

“మోసుకొచ్చేటందుకు బిడ్డా” అన్నాడు మాస్టరు. ఆయన ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు.

“మాస్టర్, జర మెత్తగ పలికేది చూడుండ్రి. మస్తు దూరం ఇనబడేది వద్దు” అన్నాను.

“మెత్తగ పలికేది గావాల్నంటె పిల్లనగ్రోయి కొనాలె బిడ్డా.”

మా ఆయన నా మోకాలు మీద చేయి వేసి, “నువ్వు ఊకో. బూరల ముచ్చట నీకేం ఎరుక” అన్నాడు. నిజమే. ఏడో తరగతి సగంలో మాన్పించి బీడీల చాట ముందు కూర్చోబెట్టినదాన్ని. బూర గురించి నాకు తెలిసింది ఒక్కటే. అది పోలీసులకు వినపడకూడదు.

జలపతి సేటు దుకాణం గడియారం టవరు నుంచి లోపలికి పోయే సందులో ఉంది. పైనుంచి డోళ్ళు వేలాడుతున్నాయి, గోడకు హార్మోనియం పెట్టెలు పేర్చి ఉన్నాయి. సేటు ఎర్రగుడ్డ పరిచి దాని మీద బూరలు ఒక్కొక్కటీ పడుకోబెట్టాడు, పురిటి బిడ్డలను పడుకోబెట్టినట్టు.

“గిది బుల్‌బుల్. బొంబాయిది” అన్నాడు. “చేతులకు తీసుకొని చూడు, బరువే ఉండదు. పిస్టన్లు వెన్న లెక్క దిగుతయి. ఊపిరి తక్కువున్నోడు సుత ఊదొచ్చు. కని నాలుగు గోడల నడుమ పలికే సరుకు ఇది. బైటికి తీస్కపోతె గాలిల కలిసిపోతది. నీకు అబద్ధం చెప్పి అమ్మను నేను.”

“మరి గిది?” అడిగాడు మా ఆయన.

“గది నెమలి గుర్తు, మీరట్ మాలు. చూడు, గరాటు మీద నెమలి చెక్కిండ్రు. దీంట్ల రెండు తీర్లు. చిన్న గరాటుది నీ పాతదాని అసొంటిదే. పెద్ద గరాటుది కొత్తగ అచ్చింది. ఇత్తడి మందం. ఊపిరి మస్తు తింటది, తిన్నదానికి రెండింతలు కక్కుతది. జగిత్యాల్ల ఊదితె కోరుట్లల లేచి కూసుంటరు.”

పిల్లను ఇంకో భుజానికి మార్చుకున్నాను.

“ఆ నల్లగున్నదో?”

“అది విలాయతీది. మిలిట్రీ బ్యాండుల ఉండె, సికింద్రాబాదుల పట్టిన. పేరు అరిగిపోయింది. సౌండు అంటె దొరసానే. కని నడిమి పిస్టన్ ఆమెకు మనసైనప్పుడే లేస్తది.”

మా ఆయన నవ్వాడు, చేయి అడ్డం పెట్టుకుని. క్యాంపు నుంచి వచ్చాక పళ్ళ సందు కనపడకుండా అట్లాగే నవ్వడం అలవాటైంది. ఆ పూట ఆయన ముఖం పెళ్ళికొడుకులా ఉంది. ఒక్కో బూర గరాటును గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. పిస్టన్లు నొక్కి వదిలి, లేచే తీరు చూశాడు. గొట్టం ఊడదీసి టప్పుమని చప్పుడు రాగానే తల ఊపాడు. వెలుతురుకు పట్టి లోపలికి ఒక కన్ను పెట్టి చూశాడు. “బుల్‌బుల్ అతుకు దగ్గర సీసం పోసిండ్రు సేటూ, ఎండకు ఇడుస్తది” అన్నాడు. “చిన్న గరాటు నెమలిదానికి మూడో పిస్టన్ కింద స్ప్రింగు మెత్తగున్నది” అన్నాడు. సేటు ఏదంటే ఆయన దానికి పక్కన ఇంకోటి చెబుతున్నాడు. ఎంతసేపైనా బూరను మాత్రం నోటి దగ్గరికి తేవడం లేదు.

దేవదాసు మాస్టరు స్టూలు మీద కూర్చుని చిరునవ్వుతో చూస్తున్నాడు. చివరికి అన్నాడు, “సూసుడు అయితె, ఇగ ఊదుడు గానియ్యి మొగిలీ.”

మా ఆయన బుల్‌బుల్‌ను ఎత్తాడు. గొంతు నొక్కిన మేకపిల్ల కూసినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగిపోయింది.

“దీని మౌత్‌పీసు సన్నం” అన్నాడు. సేటు ఇంకోటి ఇచ్చాడు. మళ్ళీ ఊదాడు. ఈసారి మేకపిల్ల కూడా లేదు. చిన్న గరాటు నెమలిది తీసుకున్నాడు. పళ్ళ సందులోంచి గాలి బుస్సుమంది, గడ్డం మీదుగా చొంగ కారి చొక్కా మీద పడింది. పెద్ద గరాటుది ఎత్తాడు, చెంపలు ఉబ్బాయి, మెడ నరాలు లేచాయి, కుట్ల జాగా తెల్లబడింది. బుస్సుమనే గాలి. నా భుజం మీద పిల్లకు ఆ చప్పుడు ఏమనిపించిందో, కిలకిలా నవ్వింది. దాన్ని గట్టిగా అదుముకున్నాను. అది ఇంకా నవ్వింది.

“లీకున్నది సేటూ” అన్నాడు మా ఆయన. “గాలి ఎక్కడికెల్లో పోతున్నది.”

“బూరకు లీకు లేదు కొడుకా” అన్నాడు జలపతి సేటు మెల్లగా. అయినా పిస్టన్లలో నూనె చుక్కలు వేసి ఇచ్చాడు. విలాయతీది కూడా ఇచ్చాడు. మా ఆయన దానిలో ఊదింది ఎవరికీ వినపడలేదు. పెదవి మూలన నెత్తురు బొట్టు కనపడింది.

అప్పుడు మాస్టరు పెద్ద గరాటుదాన్ని తీసి ఓదెలు చేతికి ఇచ్చాడు.

“నువ్వొకపారి చూడురా, లీకు ఏడున్నదో.”

ఓదెలు బావ ముఖంలోకి చూశాడు. “ఊదుదునా బావా?”

“ఊదు. నీకే ఎరుకైతది.”

నా తమ్ముడు మౌత్‌పీసు మీది మా ఆయన ఎంగిలిని చొక్కా కొసతో తుడిచి, బూర ఎత్తి, ఊదాడు.

దుకాణం అదిరింది. వేలాడే డోళ్ళ తోళ్ళు వాటికవే గుయ్యిమన్నాయి. సందులో పోయేవాళ్ళు ఆగి తొంగి చూశారు. పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది.

“లీకు లేదు సేటూ” అన్నాడు మాస్టరు.

పిల్లను తట్టి ఊరుకోబెట్టాను. మాస్టరుతో అన్నాను, “మాస్టర్, మాగం దాకా ఇంక దినాలున్నయి. పండ్లు కట్టిచ్చుకుంటడు. దవాఖానల కడుతరట.”

“పండ్లు కట్టిచ్చుకున్నోడు మక్కకంకి తింటడు బిడ్డా, బూర ఊదడు. పండ్లది కాదు బాధ. పెదిమె సచ్చింది. సచ్చినదాన్ని లేపేటందుకు నేనేమన్న ఏసు ప్రభువునా?”

“నీకు ముందుగాలనే ఎరుకనా?”

“ఎరుకే. ఆ కుట్లు చూసిన్నాడే ఎరుకైంది.”

“మరి ఈయనతోని అందరి ముంగట ఎందుకు ఊదిపిచ్చినవ్?”

మాస్టరు నా మీద జాలి పడ్డట్టు చూశాడు. “నేను ‘నీతోని కాదు’ అంటె బతికినన్ని దినాలు నన్ను తిట్టుకుంట తిరుగుతడు. ఇప్పుడు ఎవల్ని తిడుతడు చెప్పు?”

మా ఆయన అక్కడే ఉన్నాడు. విలాయతీ బూర నడిమి పిస్టన్ నొక్కుతూ ఉన్నాడు. అది కిందికి పోయి, లేవలేదు.

“మొగిలీ, కాయిదా ప్రకారం ఇగ ఓదెలే ఏరుకోవాలె” అన్నాడు మాస్టరు. “కని వానికి ఊపిరున్నది, చెవి లేదు. నీ చెవి నాకు సుత లేదు. నువ్వే ఏరు వానికి. మంచిగ చూడు. ఇంకొక ముచ్చట. గ్యాస్ బత్తి మోసేటోడు మానేసిండు. నువ్వు పట్టుకుంటనంటె బ్యాండు ఎంబడే ఉన్నట్టు ఉంటది.”

ఊరేగింపులో పక్కన నెత్తి మీద దీపం పెట్టుకుని నడవడం. దానికి నోటితో పని లేదు, చెవితో పని లేదు, మెడ ఉంటే చాలు. మా ఆయన ఒప్పుకోడని, బూర సేటు ముఖం మీద కొట్టి బయటికి నడుస్తాడని అనుకున్నాను. నేను కూడా నడవడానికి పిల్ల గుడ్డలు సర్దుకుంటున్నాను.

“మోస్త” అన్నాడు. వెంటనే అన్నాడు.

తర్వాత ఓదెలు భుజం మీద చేయి వేసి, “రా, గదిల పెట్టి చూసుడు కాదు, బైట చూడాలె” అని సందులోకి తీసుకుపోయాడు. వాడిని దుకాణం ముందు నిలబెట్టి, తాను టవరు దాకా నడిచిపోయి జనంలో నిలబడ్డాడు. చేయి ఎత్తగానే ఓదెలు ఒక్కో బూర ఊదాలి. మొదట బుల్‌బుల్. చేయి అడ్డంగా ఊపాడు. చిన్న నెమలిది. ఇంకా దూరం పోయాడు, నాకు ఆయన తల మాత్రమే కనపడుతోంది. మళ్ళీ ఊదమన్నాడు. విలాయతీది, పెద్ద నెమలిది, మళ్ళీ పెద్ద నెమలిది. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు తేటగా ఉన్నాయి.

“నెమలిదే. పెద్ద గరాటుది” అన్నాడు.

“బుల్‌బుల్ తేలికగున్నదని సేటు అన్నడు గదా. చిన్నపిల్లగాడు, అదే ఇయ్యరాదు?” అన్నాను.

“తేలిక బూర ఊళ్ళెకు ఇనబడదు. ముందు బూర అన్నంక దూరం ఇనబడాలె.” నా వైపు చూడకుండా ఓదెలుతోనే చెప్పాడు. “నేను ఊదిన పాతదాని కంటె ఇది రెండు పొలాల అవతలికి పోతది. టవరు అవతల సైకిలు మీద పోయేటోడు దిగిండు, నేను చూసిన. ఇంత సప్పుడు మన దిక్కు ఏ బ్యాండుకు లేదు.”

ఓదెలు ఆయన కాళ్ళకు దండం పెట్టాడు. జలపతి సేటు బూరను ఎర్రగుడ్డలో చుట్టాడు.

తిరుగు బస్సులో బావాబామ్మర్దులు ఒకే సీటులో కూర్చున్నారు. నేను వెనక సీటులో.

“మాస్టర్, ముందుగాల ఏ పెండ్లి?” అడిగాడు మా ఆయన.

“సిరిసిల్ల సాంచెల సేటు బిడ్డది మాగం ఆఖరుకు. దానికన్న ముందు వెల్గటూర్ దిక్కు ఒకటున్నది, గోదారి ఒడ్డు ఊరు.”

సిరిసిల్ల ముందుంటే బాగుండునని నా మనసు కొట్టుకుంది. అక్కడ పొలిమేర ఏది, రాత్రీ పగలూ బట్ట నేసే సాంచెల చప్పుడులో ఎవరి కూత ఎవరు వింటారు. గోదావరి ఒడ్డున అట్లా కాదు. అవతల అడవి, ఇవతల క్యాంపు.

మా ఆయన వంగి నా తమ్ముడి చెవిలో చెబుతున్నాడు. “కూత ఇడువకు. మాస్టర్ భయానికి ఈ నడుమ వద్దంటున్నడు, ఆయన మాట ఇనకు. కూత లేకపోతె నువ్వు ముందు బూరవని ఎవనికి ఎరుకైతది? పొలిమేరల నిలబడు, కాళ్ళు ఎడం పెట్టు, గరాటు మీదికి లేపు. అడవి దిక్కు తిప్పి ఊదితె సప్పుడు మర్లి అస్తది, మస్తుగుంటది.”

“ఊళ్ళె దిక్కు గదా బావా తిప్పుడు?”

“పెద్ద గరాటుకు అడవి దిక్కే మంచిది.”

ఓదెలు తల ఊపుతున్నాడు. ఎర్రగుడ్డ మూటను ఒళ్ళో పెట్టుకుని, నేను పిల్లను పట్టుకున్నట్టే పట్టుకున్నాడు. ఆ పక్కన మా ఆయన ముఖం నాకు సగమే కనపడుతోంది. చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతున్నాడు. ఆ పూట బస్సులో నాకు తెలిసిపోయింది, ఆయన ఏరింది బూరను కాదు.

కోరుట్ల బస్టాండులో దిగాక ఓదెలును పక్కకు లాగాను.

“ఆ బూర వద్దురా. మాస్టర్‌కు చెప్పి బుల్‌బుల్ తెచ్చుకో. లేకపోతె కూతన్న మానెయ్యి.”

“ఎందుకే అక్కా?”

“నీ బావ మనసు మంచిగ లేదు.”

వాడు నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. “బావ మనసే మంచిగున్నది. ఆయన జాగల నేను నిలబడుతున్ననని ఇంతన్న కుళ్ళుకున్నడా? సొంతంగ ఊరంత తిరిగి ఏరిచ్చిండు. నీకే కడుపుల మండుతున్నది. ముందు బూరోని పెండ్లానివి గాకుండ పోతివి గదా. తోడబుట్టినదానివేనా నువ్వు?”

ఇంట్లో అత్తతో అన్నాను. కొడుకు దీపం మోస్తాడని విన్నప్పటి నుంచీ ఆమె గోడకు ఆనుకుని అట్లాగే ఉంది.

“ఓదెలు అడవి దిక్కు తిప్పి ఊదితె పోలీసోళ్ళు ఊకుంటరా అత్తా? ఆయనకు జర చెప్పు.”

“నీ తమ్ముని పండ్లకేమన్న అయితదని భయమా?” అంది. “నా కొడుకు పండ్లు రాలినప్పుడు ఇంత గుండె కొట్టుకున్నదానే నీకు?”

కొట్టుకుంది. ఆమెకు ఎట్లా చూపించను.

వెల్గటూర్ దిక్కు పెళ్ళికి మధ్యాహ్నం లారీ కదిలింది. ఓదెలు కొత్త బూర మెడకు వేసుకుని క్యాబిన్ పక్కన నిలబడ్డాడు. మా ఆయన గ్యాస్ బత్తిని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని అంచున కూర్చున్నాడు. నెత్తి మీద పెట్టుకోవడానికి నా పాత చీర ముక్కను చుట్టకుదురు చేసి ఇచ్చాను. “లైటు వాని పక్కకే పట్టు” అన్నాను. “పక్కకే ఉంట” అన్నాడు.

ఆ పూట నేను చుట్టిన బీడీలన్నీ వంకరే. తెల్లారి లారీ వచ్చిన చప్పుడుకు గుమ్మంలోకి పోయి నిలబడ్డాను. మొదట మా ఆయన దిగాడు. ఆయన వెనక ఎవరూ దిగలేదు. తర్వాత లారీ అవతలి వైపు నుంచి ఓదెలు వచ్చాడు, నిద్రలేక కళ్ళు ఎర్రగా, మెడలో వాడిపోయిన బంతిపూల దండతో. వాడి నోటి వైపు చూశాను. బాగుంది. పెదవులు కొంచెం ఉబ్బాయి, ఎక్కువ ఊదినందుకు.

ఇద్దరికీ అన్నం పెట్టాను. మా ఆయన అన్నంలో చింతపులుసు పోసుకుని వేళ్ళతో మెత్తగా పిసుక్కుంటున్నాడు. ఓదెలు మొదలుపెట్టాడు.

“అక్కా, ఏం చెప్పుదు. పొద్దు గూకే యాళ్ళకు దిగినం. బావ లైటు ముట్టిచ్చి నా పక్కకే నిలబడ్డడు. మాస్టర్ వద్దురా వద్దురా అంటనే ఉన్నడు, నేను ఊదిన. గోదారి అవతలికి కొట్టి మర్లచ్చింది సప్పుడు. బావ చెప్పినట్టే! ఇంతల పొదలల్లకెల్లి టార్చిలైట్లు, తుపాకులు. పదిమంది పోలీసోళ్ళు ఉన్నరు. శంకరయ్య డోలు పారేసి ఉరికిండు. మాస్టర్ లారీ కిందికి దూరిండు, తెల్లచొక్కాతోని!”

“అయ్యో.”

“‘ఎవడ్రా ఊదింది?’ అన్నడు ఒకడు. నాకు నాలుక పిడచగట్టింది. మల్ల అడిగిండు. అప్పుడు బావే, లైటు నా మొఖం మీదికి వంచి, ‘వీడే సారూ’ అన్నడు.”

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన అన్నం పిసుకుతూనే ఉన్నాడు.

“నేను భయపడుతున్ననని ధైర్యానికి అన్నడక్కా. లేకుంటె నేను సుత ఉరుకుదును, వెనుకకెల్లి కాల్చుదురు. ‘ఏదీ, మల్లొకసారి ఊదు’ అన్నడు ఆ సారు. కళ్ళు మూసుకొని ఊదిన. కళ్ళు తెరిచి చూస్తె సారు నవ్వుతున్నడు! ‘అడవిల పడి మనిషి గొంతు ఇనక ఎన్ని దినాలైందో, ఒక పాట కొట్టురా’ అన్నడు. ఇగ చూడు. తుపాకులు పక్కకు పెట్టి కూసున్నరు. ఒకటైనంక ఒకటి, సినిమా పాటలు. ఇద్దరు లేచి ఎగిరిండ్రు సుత. పెండ్లోళ్ళే మమ్ములను ఎతుక్కుంట అచ్చిండ్రు, అప్పటిదాక ఇడువలే. పెండ్లికొడుకుకు తెచ్చిన దండల ఒకటి గుంజి సారే నా మెడల ఏసిండు.”

“నిన్ను ఏం అనలేదా?”

“అనుడా? ‘ఏం బూరరా ఇది’ అన్నడు. ‘నెమలి గుర్తు సారూ, గో ఈయన మా బావ, ఆయనే ఏరిండు’ అన్న. బావను కింది నుంచి మీది దాక చూసిండు, లైటు మోసుకుంట ఉన్నడు గదా. ‘మీ బావ నోరు గట్లున్నది గని చెవి మంచిదిరా’ అన్నడు.”

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. తెల్లవార్లూ పడ్డ భయమంతా నవ్వై బయటికి దూకింది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుంటే నవ్వాను. ఓదెలు కూడా నవ్వాడు, వాడి కథకు నవ్వుతున్నాననుకుని. మా ఆయన అన్నం పిసకడం ఆపి నన్ను చూశాడు. నేను ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు తెలిసింది. ఆయన ఏం కోరుకుని ఆ బూర ఏరాడో నాకు మొదటి నుంచీ తెలుసని, అది జరగకూడదని నేను రాత్రంతా మొక్కుకున్నానని, ఆయన ఒక్క చూపుతో గ్రహించాడు.

ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, దవడల చివర నమిలి మింగాడు.

“ఓదెలూ.”

“ఆ బావా.”

“ఇప్పుడున్న పోలీసు బ్యాచి మంచిది. దినాలు గడిస్తె మారుతది. మొన్న బీర్పూర్ దిక్కు ఉన్నోళ్ళు ధర్మపురి దిక్కు పోయిండ్రట. ఆ దిక్కు ఒప్పుకున్న పెండ్లి ఒకటున్నది గదా?”

“వచ్చే బేస్తవారం.”

“ఆడ ఇంకింత పొడుగు తియ్యి కూత.”

“తీస్త బావా.”

నా నవ్వు ఆగిపోయింది. పిల్లను కింద పడుకోబెట్టాను.

“ఓదెలూ, ఇటు చూడు” అన్నాను. “నీ బావ పండ్లు రాలగొట్టినోళ్ళతోని నీ పండ్లు సుత రాలగొట్టిద్దామని ఏరిండురా ఆ బూర. అందుకే పెద్ద గరాటుది ఏరిండు. అందుకే లైటు నీ మొఖం మీదికి వంచిండు.”

ఓదెలు ఒక్క క్షణం నోరు తెరిచి నన్ను చూశాడు. తర్వాత మెతుకులు అడ్డం పడేంతగా నవ్వాడు. “చూసినవా బావా, అక్క ముచ్చట! రాత్రి నిద్రలేదేమో, తిక్క లేచింది.”

“నిజమేరా” అన్నాడు మా ఆయన. చేయి అడ్డం పెట్టుకోలేదు, గొంతు పెంచలేదు. “మీ అక్క చెప్పింది నిజమే.”

ఓదెలు ఇంకా గట్టిగా నవ్వి బావ తొడ మీద చరిచాడు. గిన్నె ముందుకు జరిపి, “అక్కా, ఇంకింత పులుసు పొయ్యి” అన్నాడు.